రెండు గంధపు వన్నెలు

సూళ్లూరుపేటలో ఇండ్లకు రంగులు వేయు కాలము సంక్రాంతికి ముందు వచ్చును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు ఆ తీరమును తడిపి విడిచిపెట్టును. కాళంగి ఏటిలో నీరు తగ్గి, పులికాటు మీదుగా వచ్చు గాలిలో తేమ కొంత విరిగినట్లు తోచగానే, గోడల మీది పాచి మరకలును, చవుడు పొంగి రాలిన పెళ్లలును గృహస్థుల కంటబడును. పండుగలోపల గోడలు శుభ్రపడవలెనను తొందరతో జనము రంగుల దుకాణములకు బయలుదేరుదురు. కావలసినది ఎరుపో, నీలమో, ఆకుపచ్చయో అయినచో బేరము క్షణములో తెమలును. తెలుపునకు కొంచెము దిగువగను, పసుపునకు చాల ఎగువగను ఉండు నడిమి వన్నెలను కోరినవారికే చిక్కు వచ్చిపడును.

దుకాణదారు తీసి చూపు అట్టలో గంధపు రంగే పది విధములుగా నుండును. అందులో ఎనిమిదింటిని త్రోసివేయుట సులభము. మిగిలిన రెండే మనిషిని పట్టి యాడించును. ప్రక్కప్రక్కన పెట్టినపుడు అవి వేరని తెలియును. ఒకదానిని చేతితో మూసి రెండవదానిని చూచినపుడు ఏది యేదియో చెప్పుట కష్టము. ఇంత స్వల్పభేదమునకై ఇంటిల్లిపాదియు వాదులాడుకొనుట విడ్డూరమని నవ్వువారు లేకపోలేదు. కాని వేసిన రంగు కొన్ని యేండ్లయినను గోడ మీద నిలుచును. ఆ గదిలో చదువుకొను పిల్లవానికి, కుట్టుపని చేసికొను ఇల్లాలికి, మంచము దిగి నాలుగడుగులు వేయుటకే తడుముకొను ముసలితల్లికి అన్నియేండ్లును ఆ గోడయే ఎదురుగా నుండును. ఈ వాదము నవ్వి త్రోసివేయదగినది కాదు.

ఈ నడిమి వన్నెకు దుకాణములలో వినబడు బీజ్ అను పేరు ఫ్రెంచివారిది. రంగు అద్దని, చలువ చేయని సహజమైన గొర్రె ఉన్నిని వారు ఆ మాటతో వ్యవహరించెడివారు. ఉన్ని పేరే క్రమముగా రంగునకు పేరయ్యెను. నెల్లూరు సీమలో అట్టి మాట పుట్టుటకు వీలే లేదు. నెల్లూరు గొర్రెకు ఉన్ని యుండదు. మేకకు వలె పొట్టి వెండ్రుకలే యుండును. తెలుగువారు ఈ వన్నెకు పేర్లను తమ ముంగిట నున్న వస్తువుల నుండియే తెచ్చుకొనిరి. గంధము, మీగడ, గోధుమ, దంతము, ఇసుక, ఉల్లిపొర అని అందురు. చీరల బేరములో హాఫ్ వైటు అను ఇంగ్లీషు మాట తెలుగు మాటయే అయిపోయినది. వెంకటగిరి చీర కొనువారికి దానిని వివరింప నక్కరలేదు. పోలీసుల ఖాకీ కూడ ఈ వంశములోనిదే. పారసీకములో ఖాక్ అనగా దుమ్ము.

ఎరుపు, నలుపు అనునవి స్వతంత్రమైన పేర్లు. ఈ నడిమి వన్నెకు మాత్రము అన్నియు ఎరువు తెచ్చుకొన్న పేర్లే. పైగా ఆ వస్తువులు కూడ ఒక రంగున నిలుచునవి కావు. సానమీద అరగదీసినపుడు గంధము ఒక వన్నె. నుదుట ఆరిన పిదప మరియొక వన్నె.

ఈ సంగతి సున్నపు పనివారికి బాగుగా తెలియును. డబ్బాలలో రంగులు రాకపూర్వము ఆ తీరపు గోడలకు తెలుపు పులికాటు నుండియే వచ్చెడిది. సరస్సు అడుగున ఏనాడో జీవించి నశించిన ఆల్చిప్పలును, గుల్లలును పొరలు పొరలుగా పేరుకొని యున్నవి. వానిని త్రవ్వి తీసి, బట్టీలలో కాల్చి, నీరు చల్లి విరియజేసి గుల్ల సున్నము తయారు చేసెడివారు. రాతి సున్నము కంటె గుల్ల సున్నము నునుపనియు, తెలుపనియు ప్రతీతి. చెన్నపట్టణపు పాత మేడల గోడలకు పాలరాతి నిగ్గు తెచ్చినది ఈ గుల్ల సున్నమే. విద్యార్థులకు ఇందులో ఒక చక్కని రసాయన పాఠము కలదు. కాల్చినపుడు గుల్ల తనలోని బొగ్గుపులుసు వాయువును విడిచిపెట్టును. గోడ మీద పూసిన సున్నము ఆరుచు గాలిలోని ఆ వాయువునే తిరిగి గ్రహించును. కొన్నాళ్లకు గోడ మీద మిగులునది మరల గుల్ల యొక్క పదార్థమే.

పచ్చి సున్నము గోడ మీద పడినపుడు పలుచని నీరు వలె కనబడును. తెలుపు రెండవనాటికి గాని తేలదు. అందువలన పనివాడు తొట్టిలోని రంగును నమ్మడు. సున్నములో పసుపుమన్ను కలిపి లేత గంధపు వన్నె తేవలెనన్నచో, ఒక ఇటుక ముక్కకో అట్టముక్కకో పూసి, ఎండలో ఆరబెట్టి, ఆ పిదప మాట చెప్పును. ఒట్టి తెలుపే కావలెనన్నవారికి రవంత నీలిమందు కలుపుట కూడ ఈ విద్యలోని భాగమే. సున్నమునకు సహజముగా నుండు పసుపు జీరను నీలము విరిచివేయును. ఇంటికి సున్నము వేయించుకొన్న ప్రతివాడును, తాను ఎరిగినను ఎరుగకున్నను, నీలపు తెలుపునకును పసుపు తెలుపునకును నడుమ ఒక నిర్ణయము చేసినవాడే.

ఇప్పటి డబ్బాలోని సరకు వేరు. తెలుపంతయు టైటానియం డైఆక్సైడు అను పొడి వలన వచ్చును. దాని మూలఖనిజమైన ఇల్మనైటు భీమునిపట్టణపు సముద్రపు టిసుకలోను, కేరళ తీరములోను కలదు. దుకాణములోని యంత్రము ఆ తెల్లని ద్రవములో కొన్ని చుక్కల పసుపు ఇనుప ఆక్సైడును, కొన్ని చుక్కల ఎరుపు ఆక్సైడును, రవంత నలుపును వదలి చిలుకును. అట్ట మీది రెండు గంధపు వన్నెలకును భేదము ఆ చుక్కలలోనిదే. పిల్లలున్న ఇండ్లవారు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదను నిబంధన భారతదేశమున 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చెను. దానికి ముందు వేసిన పాత పొరలను పొడిగా గీకించునపుడు పిల్లలను ఆ ధూళికి దూరముగా ఉంచవలెను.

ఇక చిక్కు ఎక్కడ నున్నదో తెలియుటకై ఒక ఇంటిని ఊహించుకొందము. అట్టి ఇండ్లు ఆ పేటలో ఒకటి కాదు, అనేకములుండును. ఒక ఉపాధ్యాయుని ఇల్లు. ఉత్తరపు గది అతని తల్లిది. ఆమెకు డెబ్బది దాటినవి. కన్నులలో శుక్లములు ముదురుచున్నవి. గదికి ఒకటే కిటికీ. కిటికీ కెదురుగా ఆరడుగుల సందు, సందు కావల ప్రక్కయింటి గోడ. ఆ గోడకు చిలుకపచ్చ రంగు. గదిలో క్రొత్తగా పరపించిన పలకలు మీగడ రంగువి; తలుపునకు కూడ మీగడ రంగే వేయింపవలెనని ఆలోచన. అట్ట మీద రెండు వన్నెలు మిగిలినవి. ఒకదానిలో కంటికి కనబడీ కనబడని ఎరుపు జీర. రెండవదానిలో బూడిద కలిసిన పచ్చ జీర.

"మరకలు కనపడకుండా ఉండాలంటే ఇదే మేలు" అని బూడిద వన్నె మీద వ్రేలు పెట్టును ఆ ఉపాధ్యాయుడు.

"మీకు మరకలేనండీ కనపడేది. అత్తమ్మ గది చీకటైపోదా?" అని ఇల్లాలు.

ముసలామె అట్టను కంటికి దగ్గరగా పెట్టుకొని, దూరముగా పెట్టి, తిరిగి యిచ్చివేయును. "నాకు రెండూ ఒకటిగానే ఉండాయి నాయనా. ఏదో ఒకటి వెయ్యండి."

ముగ్గురి మాటలలోను ఈ కడపటి మాటయే విలువైనది. కాని దానిని ఎవరును పట్టించుకొనరు. పెద్దలు మొగమాటమునకు అన్న మాటయని అనుకొందురు. ఆ మాట వద్దకు వచ్చుటకు ముందు కొంత దారి నడువవలసి యున్నది.

రంగు తన ప్రక్క నున్నదానిని బట్టి మారునని మొదట శాస్త్రీయముగా నిరూపించినవాడు షెవ్రేల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన 1824లో పారిస్ నగరమందలి గోబెలిన్ల నేతశాలలో అద్దకపు శాఖకు అధికారి యయ్యెను. అక్కడి నల్లదారము వెలవెలబోవుచున్నదని నేతగాండ్రు మొరపెట్టుచుండిరి. షెవ్రేల్ దారమును పరీక్షించి చూడగా నలుపులో లోపము లేదు. దాని ప్రక్కన నేసిన నీలము, ఊదా రంగులు దానిని అట్లు వెలవెలబోయినట్లు చూపుచుండెను. దోషము అద్దకపు తొట్టిలో గాక చూచువాని కంటిలో నున్నదన్న మాట. ఆ విచారణ పెరిగి పెరిగి 1839లో ఒక పెద్ద గ్రంథమయ్యెను. ఆయన 1786లో పుట్టి 1889 వరకు, నూట రెండేండ్లు బ్రతికెను. రంగుల మీద తొందరపడి తీర్పు చెప్పువారికి ఆ దీర్ఘాయువు కొంత ఓపిక నేర్పవచ్చును.

పై గదిలో ప్రక్కయింటి పచ్చగోడ రెండు పనులు చేయును. ఈ రెంటిని కలిపి చూచుట వలననే తికమక కలుగును. కిటికీ వద్ద నిలిచి పచ్చగోడను, గది గోడను ఒకేసారి చూచువానికి గది గోడ ఉన్నదాని కంటె ఎర్రగా తోచును. ఇది షెవ్రేల్ చెప్పిన కంటి మాయ. కాని పచ్చగోడ మీద పడి వచ్చు వెలుగు నిజముగనే పచ్చనిది. అది గది గోడ మీద పడినపుడు బూడిద పచ్చ జీర గల వన్నె మరింత పచ్చబడి పాచిపట్టినట్లు కనబడును; ఎరుపు జీర గలది ఆ పచ్చదనమును విరిచి సాత్త్వికమైన గంధపు రంగుగా నిలుచును. అనగా అట్ట మీద ఎర్రగా నున్నది గదిలో ఎర్రగా నుండదు. సున్నములో నీలిమందు కలిపినవాడు చేసిన పనియే ఇది.

జీరలు కనిపెట్టుటకు సులభోపాయము తెల్లకాగితము. రెండు గంధపు వన్నెలను ఒకదానితో నొకటి పోల్చుచున్నంతసేపు వాని భేదమే కనబడును గాని స్వభావము కనబడదు. ఒక్కొక్కదానిని విడిగా తెల్లకాగితము మీద పెట్టినచో అంతవరకు దాగియున్న ఎరుపో పచ్చయో నెమ్మదిగా బయటపడును. బోస్టను నగరమున చిత్రలేఖనము బోధించిన ఆల్బర్ట్ మన్సెల్ అను ఉపాధ్యాయుడు ఈ పోలికకు ఒక లెక్క ఏర్పరచెను. విద్యార్థులకు రంగులను ఏ పేరుతో చెప్పవలెనో తెలియక, పేర్లను వదలిపెట్టి మూడు కొలతలను తెచ్చెను: వన్నె, వెలుగు, గాఢత. 1905లో వెలువడిన ఆయన గ్రంథము నేటికిని మట్టి రంగులను గుర్తించు వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఆధారముగా నున్నది. గంధపు రంగులన్నిటికిని వన్నె పసుపు ఎరుపుల నడుమ నుండును, వెలుగు అధికము, గాఢత అల్పము. అట్టి రెంటిని పోల్చునపుడు "ఏది బాగున్నది?" అని అడుగుట కంటె, ఈ మూడింటిలో దేనియందు భేదమున్నదని అడిగినచో వాదము సగము తగ్గును. తరగతిలో ఇది మంచి అభ్యాసము. ఒక తెల్ల అట్టకు రెండు రంధ్రములు పొడిచి, వాని వెనుక రెండు రంగుల ముక్కలు పెట్టి, మూడు ప్రశ్నలు వేసి చూడవచ్చును. అరగంటలో పిల్లల కన్నులు పదునెక్కును.

అట్లని కంటికి ఉన్న హద్దులను మరువరాదు. 1942లో డేవిడ్ మాకాడం అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒకే మనిషి చేత ఇరువదియైదు వేల పర్యాయములకు పైగా రంగులను సరిపోల్పించెను. ఇచ్చిన రంగునకు సరియైన రంగును యంత్రము మీద కుదుర్చుట ఆ మనిషి పని. అతడు అదే రంగును మరల మరల కుదిర్చినను ప్రతిసారియు అదే బిందువునకు రాలేదు. ఫలితములు ఆ బిందువు చుట్టును ఒక దీర్ఘవృత్తములో పరచుకొనెను. ఆ వృత్తములోని రంగులన్నియు అతనికి ఒకటే. రెండు గంధపు వన్నెలు ఒక్కటిగా తోచినవాడు అజ్ఞాని కాడు. తన వృత్తపు అంచున నిలిచినవాడు.

ఇక వెలుగు సంగతి. ఉత్తరపు గది చల్లని నీలి వెలుగు గలదనియు, అందులో వెచ్చని రంగే వేయవలెననియు పాశ్చాత్య గ్రంథములలో తరచు వ్రాయబడియుండును. లండనులో అది నిజము. అక్కడ సూర్యుడు మధ్యాహ్నము ఎప్పుడును దక్షిణముననే యుండును. సూళ్లూరుపేట ఉత్తర అక్షాంశము పదమూడు డిగ్రీల మీద ముప్పాతిక చేరువ. ఏప్రిల్ చివరివారమున ఒకనాడు, ఆగస్టు నడుమ మరియొకనాడు అక్కడ మిట్టమధ్యాహ్నము నిలువు కర్రకు నీడ యుండదు. ఆ రెండు దినముల నడుమ, అనగా ఇంచుమించు నాలుగు నెలలు, మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును. నీడ దక్షిణమునకు పడును. పాఠశాల ఆవరణలో ఒక కర్ర పాతి చూపదగిన వింత ఇది.

గదికి దీని వలన కలుగు ఫలితము చిన్నది కాదు. పుష్యమాసపు ఎండ దక్షిణము నుండి వాలుగా వచ్చి ప్రక్కయింటి పచ్చగోడ పైభాగము మీద పడి, అచ్చటి నుండి గదిలోనికి పచ్చని వెలుగును పంపును. ఎండలు ముదిరిన జ్యేష్ఠములో మధ్యాహ్నపు ఎండ ఆ గోడకు ఆవలి వైపున నుండును. ఉదయ సాయంకాలములందు మాత్రము ఏటవాలు కిరణములు సందు వెంబడి చొచ్చి కిటికీని తాకును. సంక్రాంతికి కుదిరిన రంగు వేసవిలో మరియొకటిగా తోచినచో అది రంగుల కంపెనీ మోసము కాదు. ఇంతకు తోడు నాలుగు గోడలును ఒకదాని వెలుగును ఒకటి పుచ్చుకొని మరల పంపుచుండును. పంపిన ప్రతిసారియు రంగు కొంచెము చిక్కబడును. అట్ట మీద అంగుళపు ముక్కగా లేతగా నున్నది గది నిండిన పిదప ముదురుగా కనబడుటకు కారణము ఇదే. రెంటిలో ఏదియు తేలనపుడు లేతదానిని ఎన్నుకొనుమని అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పుట ఊరకనే కాదు.

రాత్రి కథ వేరు. పాత తంతి బల్బు వెలుగు 2700 కెల్విన్ల చేరువది, పచ్చనిది. ఇప్పుడు ఇండ్లలో విరివిగా వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపములలో చాలవరకు 6500 కెల్విన్లవి. అవి నీలి తెలుపు. మొదటిదాని క్రింద ఎరుపు జీర గల గంధము పండిన నేరేడు గింజ పైకండ వలె గులాబి చాయ దేలును. రెండవదాని క్రింద బూడిద వన్నె ఒట్టి బూడిదయే అగును. రెండు వేర్వేరు రంగుపొళ్లతో చేసిన రెండు వన్నెలు ఎండలో అచ్చముగా ఒకటిగా నుండి, దీపము క్రింద విడిపోవుట కూడ కలదు. పాత గోడకు అతుకు వేయించినవారు ఈ అవమానమును ఎరుగుదురు.

ఏది తెలుపు అను ప్రశ్నకు సమాధానము ముందు కుదిరినగాని ఏది గంధము అనుదానికి సమాధానము లేదు. శ్రీహరికోటకు పోవు దారి సూళ్లూరుపేట నుండియే చీలును గనుక ఆకాశమునకు సంబంధించిన ఒక ఉదాహరణము ఇచ్చట చెప్పదగును. 2002లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున కార్ల్ గ్లేజ్‌బ్రుక్, ఐవాన్ బాల్డ్రీ అను ఖగోళ శాస్త్రజ్ఞులు రెండు లక్షలకు పైగా నక్షత్రవీథుల వెలుగును కలిపి, విశ్వమంతటికి సగటు రంగు ఏదియో లెక్క గట్టిరి. జనవరిలో వారు ప్రకటించిన రంగు లేత నీలి ఆకుపచ్చ. లోకము అబ్బురపడినది. మార్చి నాటికి వారే లెక్కను సవరించిరి. గణనలో తెలుపునకు ఆధారముగా తీసికొన్న బిందువు సరియైనది కాదని తేలినది. తెలుపును సరిదిద్దగానే విశ్వము రంగు మారిపోయి మీగడ కలిసిన లేత గంధమయ్యెను. పాలెక్కువైన కాఫీ పేరు దానికి పెట్టిరి. వేల కోట్ల నక్షత్రముల లెక్కలోనే తెలుపు తప్పినపుడు, దుకాణపు ట్యూబులైటు క్రింద అట్ట చూచి వచ్చిన గృహస్థుని ఎవరు తప్పుపట్టగలరు?

ఇప్పుడు ముసలామె మాట. కంటిలోని కటకము వయస్సుతో పసుపెక్కును. శుక్లము ముదిరిన కొలది అది గోధుమ రంగు అద్దము వలె అగును. కనుపాప కూడ చిన్నదగును. ఇరువదేండ్లవాని కంటి లోపలిపొరకు చేరు వెలుగులో అరువదేండ్లవానికి సుమారు మూడవ వంతే చేరునని వైద్యులు చెప్పుదురు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కన్నులలో శుక్లములున్నవని 1912లో తేలెను. ఆ పిదపి చిత్రములలో కొన్ని ఎరుపు, గోధుమ రంగులలో మునిగిపోయెను. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగిన పిదప నీలములు తిరిగి కనబడసాగెను. లోకమంతటికిని గంధపు పూత పూసినట్లు చూచుచున్న కంటికి రెండు గంధపు వన్నెల భేదము ఏమి తెలియును? "రెండూ ఒకటిగానే ఉండాయి" అని ఆమె అన్నది మొగమాటము కాదు. అది కొలత.

ఆమెకు అందని భేదము జీరలది. అందునది వెలుగు చీకట్లది. కావున ఆ గదిలో ప్రశ్న ఎరుపు జీరయా పచ్చ జీరయా అని మాత్రమే కాదు. గోడ ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలగునో, తలుపు ఎక్కడ నున్నదో, దీపపు మీట ఎక్కడ నున్నదో ఆ కన్నులకు తెలియుచున్నదా అని. మీగడ పలకలు, మీగడ తలుపు, గంధపు గోడ: పడుచు కన్నులకు ఇది ముచ్చటైన పొందిక. ఆ ముసలి కన్నులకు అంచులు లేని ఒకే తెల్లని తెర. రాత్రివేళ లేచి గోడ యనుకొని తలుపు సందున చేయి వేసిన పెద్దలు పడుటకు ఇంతకంటె కారణము అక్కరలేదు. తుంటి ఎముక విరిగినచో ఆ వయస్సున మరల లేచి నడచుట ఎంత కష్టమో ప్రతి వీథిలోను ఒక ఇల్లు చెప్పగలదు.

నలుపునకు సున్న, తెలుపునకు నూరు అనుకొని, ఉపరితలము ఎంత వెలుగును తిరుగగొట్టునో అంకెలలో చెప్పుదురు. రంగుల కంపెనీలలో పెక్కు ఈ అంకెను ప్రకటించుచున్నవి. గోడకును తలుపునకును, గోడకును నేలకును నడుమ ఈ అంకెలో ముప్పది భేదముండుట మేలని బ్రిటనులోని నిర్మాణ సూచనలు చెప్పుచున్నవి. ఒకే అట్ట మీది రెండు గంధపు వన్నెల నడుమ అంత భేదము ఉండబోదు. ముప్పది ఎక్కడినుండి తేవలెను? అట్టలో వెదకుట మాని పాత ఇండ్లను చూడవలెను. సున్నపు తెల్లగోడకు అడుగున ఎర్రని కావి పట్టె. గడపకు పచ్చని పసుపు, దానిపై కుంకుమ బొట్లు. ద్వారబంధమునకు ముదురు రంగు. ఆముదపు దీపపు గుడ్డి వెలుగులో సైతము గడప ఎక్కడ నున్నదో ముసలి కాలికి ముందుగా కంటికే తెలిసెడిది. పూర్వులు ఈ అంకెలన్నియు ఎరిగి అట్లు చేసిరనుట అతిశయోక్తి. శుభమని చేసిరి, వానికి చవుడు పట్టిన అడుగుభాగము కనబడకుండునని కూడ చేసిరి. అయినను ఆ పట్టె చేసిన మేలు చేయనే చేసినది. క్రొత్త యిండ్లలో పొందిక పేరిట మొదట తుడిచివేయబడినది ఆ పట్టెయే.

కాగా ఆ ఊహాగృహమున తీర్పు ఇట్లుండును. గోడకు ఎరుపు జీర గలదానిని వేయవచ్చును. పచ్చని వెలుగును అది విరుచును, బూడిద వన్నె కంటె ఒక పిసరు వెలుగు కూడ ఎక్కువ. నేలనంటి నాలుగంగుళముల మేర ముదురు కావి రంగు పట్టె. తలుపునకు మీగడ రంగు మాని టేకు రంగు. మీట చుట్టును ఒక ముదురు చతురము. ఇల్లాలి మాటయు నెగ్గును. మరకలు నేలకు దగ్గరగానే పడును గనుక ఉపాధ్యాయుని భయమును కావి పట్టె తీర్చును. మరియొక సంగతి కలదు. శుక్లములు తీయించిన పిదప పెద్దలకు లోకము ఒక్కసారిగా నీలముగా, తెల్లగా తోచును. గోడకు ఎప్పుడు రంగు మార్చితిరని అడిగినను అడుగుదురు. అందువలన శస్త్రచికిత్స దగ్గరలో నున్నచో రంగు ముచ్చట అంతవరకు ఆపి, ఆ క్రొత్త కన్నులకే అట్టను మరల చూపుట న్యాయము. పట్టెను మాత్రము ఆపరాదు.

పని చేయించు పద్ధతి గురించి కొంచెము. తడి గోడ మీద ఏ వన్నెయు నిలువదు. సున్నము గోడను ఊపిరి తీసికొననిచ్చును. ఇప్పటి ప్లాస్టిక్ రంగు మూతివేయును, లోపలి ఉప్పు దానిని పొక్కులుగా పొంగించి త్రోసివేయును. కావున వాన వెలిసిన వారమునకే కుంచె పట్టింపరాదు. దుకాణములో రెండు వన్నెలును చిన్న డబ్బాలలో దొరకినచో తెచ్చి, రెండడుగుల చదరపు అట్టలకు రెండేసి పూతలు వేసి ఆరనీయవలెను. పాత రంగు గోడ మీదనే పూసి చూచినచో పాత రంగు షెవ్రేల్ మాయ చేయును. అట్టలను ఒకనాడు కిటికీ గోడకు, ఒకనాడు ఎదుటి గోడకు, ఒకనాడు మూలకు చేరవేసి, ఉదయము, మిట్టమధ్యాహ్నము, దీపాలు పెట్టువేళ చూడవలెను. చూచువారిలో ఆ గదిలో నుండబోవువారు తప్పక ఉండవలెను. మంచము మీద నుండియే చూతురేని మంచము మీద నుండియే చూపవలెను.

నిర్ణయమైన పిదప గదికి కావలసినదంతయు ఒకేసారి కొనుట మేలు. ఒకే సంఖ్య గల డబ్బాలైనను వేర్వేరు దినములలో చిలికినవి రవంత తేడా పడవచ్చును. వానిని పెద్ద తొట్టిలో ఒకటిగా కలిపి, ఆ పిదప గోడ కెక్కింపవలెను. మిగిలిన రంగును గట్టి మూత గల చిన్న డబ్బాలో పోసి, వన్నె పేరు, సంఖ్య, వేసిన తేదీ చీటీ మీద వ్రాసి అతికించి అటక మీద పెట్టుదురు. మరు యేటి వానల తరువాత కిటికీ క్రింద చవుడు లేచినపుడు ఆ డబ్బా కొరకే వెదకుదురు.